కాల్చిన వంకాయని కడగరు

మా ఇంటి పెరుగు పచ్చడిలో నల్లటి నలకలు ఉంటాయి. ఉండాలి. వంకాయ తొక్క నిప్పుల మీద మాడి, ఒలిచేటప్పుడు వేళ్ళకి అంటుకుని, ఎంత ఓపిగ్గా తీసినా కొంత గుజ్జులో ఉండిపోతుంది. తెల్లటి పెరుగులో, పచ్చటి కొత్తిమీర మధ్య, మిరియాలు దంచి చల్లినట్టు కనిపిస్తుంది. భోజనానికి వచ్చినవాళ్ళు కొందరు గిన్నెలోకి తొంగిచూసి ఇదేమిటండీ అని వేలు పెట్టి చూపించారు. నేను సంజాయిషీ ఇవ్వలేదు. ఇష్టమైతే తినమన్నాను, లేకపోతే పక్కనే ఆవకాయ ఉందన్నాను.

మాది పామర్రు దగ్గర పల్లె. మా గురించి బంధువులు మాట్లాడుకునేటప్పుడు ‘చితికిపోయిన కుటుంబం’ అంటారని నాకు తెలుసు. ఆ మాట నేను ఒప్పుకోను. పొలాలు పోయాయి, నిజమే. కాలువ గట్టున ఉన్న మాగాణి సరిహద్దు గురించి తాతగారు అన్నదమ్ములతో దావాలో దిగారు. ఆయన పోయాక నాన్న ఆ దావా అందుకుని, బందరు కోర్టు చుట్టూ తిరిగి, గెలవకుండానే పోయారు. వకీళ్ళకి పోగా మిగిలింది అమ్మా, నేనూ, కొన్ని ఇత్తడి సామాన్లు. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. పోయినవి పొలాలు. మేం ఎక్కడికీ పోలేదు, పటమటలో రెండు గదుల అద్దె వాటాలోకి మారాం, అంతే. నేను టైపు నేర్చుకుని బెజవాడలో ఒక ఆఫీసులో చేరాను. డెబ్బైల మొదట్లో అప్పటికింకా పెళ్ళికాని ఆడపిల్ల, తండ్రి లేనిది, రోజూ చేతిలో టిఫిన్ డబ్బాతో బస్సెక్కుతుంటే వీధిలో వాళ్ళు జాలిగా చూసేవారు. నేను తల తిప్పకుండా నడిచేదాన్ని. నా నడక చూసి పొగరు అనేవారట. అది మాత్రం నిజం.

పటమటలో మాకు కిరసనాయిల్ స్టవ్వు ఉండేది. అన్నం, పప్పు, చారు దాని మీదే. పెరుగు పచ్చడి చెయ్యాలంటే మాత్రం అమ్మ పెరటి మెట్ల మీద బొగ్గుల కుంపటి పెట్టేది. కిరసనాయిల్ మంట మీద కాలిస్తే వంకాయకి ఆ కంపు పట్టేస్తుంది, ఇంగువ వేసినా పోదు. కుంపటి పొగ పై వాటాలోకి వెళ్తోందని ఇంటావిడ కిందికి దిగివచ్చి సణిగేది. అమ్మ విసనకర్ర కొంచెం నెమ్మదిగా ఊపేది.

ఈ పచ్చడి మా నాయనమ్మ చేతిది. ఆవిడ దగ్గర అమ్మ నేర్చుకుంది, అమ్మ దగ్గర నేను. మా పల్లెలో ఇల్లున్నప్పుడు, భోజనాల వేళకి గడపలో ఎవరున్నా ఆకు వేసేవారు. అలా మా ఇంట్లో ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళలో మా బాబాయి ఒకరు. నాన్నకి పినతల్లి కొడుకు. పామర్రులో హైస్కూలు చదువు పూర్తయ్యేదాకా మా ఇంట్లోనే ఉన్నారు. తరవాత ఉయ్యూరులో చెరుకు వేశారు, కలిసొచ్చింది, లారీలు కొన్నారు, మేడ కట్టారు. నాన్న పోయినప్పుడు పన్నెండు రోజులూ వచ్చి నిలబడ్డారు. ఆ తరవాత రాకపోకలు తగ్గాయి. పిన్నికి మా వాటాలో కూర్చోవడానికి చోటు ఉండేది కాదు.

ఆ ఏడు మాఘమాసంలో వాళ్ళ అమ్మాయికి సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్ళది పామర్రే. ఆ సంగతి మాకు బంధువుల నోట తెలిసింది కానీ, ఉయ్యూరు నించి పిలుపు రాలేదు. ఒక ఆదివారం పొద్దున మా వాకిట్లో జీపు ఆగింది. దిగింది డ్రైవరు ఒక్కడే.

“అమ్మగారు మిమ్మల్ని తీసుకురమ్మన్నారండి,” అన్నాడు అమ్మతో. “వంటవాళ్ళని గుంటూరు నించి పిలిపించారండి. పచ్చడి ఒక్కటే మీరు చెయ్యాలంటండి. పెళ్ళికొడుకు తాలూకు మామ్మగారు మీ ఇంటి పచ్చడి కావాలని నోరు తెరిచి అడిగారంటండి.”

నిశ్చితార్థం భోజనాలు ఏ రోజని నేను అడిగాను. అతను బుర్ర గోక్కున్నాడు.

“భోజనాల సంగతి నాతో చెప్పలేదండి. పచ్చడి సంగతే చెప్పారండి.”

పాపం అతని తప్పేమీ లేదు. చెప్పమన్నది చెప్పాడు. మాలాంటి ఇళ్ళల్లో శుభకార్యానికి పిలవడం అంటే ఇంటి ఆడవాళ్ళు వచ్చి, మన ఇంటి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, ఫలానా రోజు భోజనానికి రండి అని నోటితో చెప్పడం. బొట్టు పెట్టించుకున్నవాళ్ళు బంధువులు. కబురు పెడితే వెళ్ళేవాళ్ళు పనివాళ్ళు. మధ్యలో ఇంకో తరగతి లేదు. ఆ జీపు మమ్మల్ని ఏ తరగతి కింద ఎక్కించుకోవడానికి వచ్చిందో అందులో వెతుక్కోవలసిందేమీ లేదు.

మేం రావడం లేదని చెప్పాను. అమ్మ మాత్రం అతన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, పచ్చడి చేసే పద్ధతి మొదటినించీ చివరిదాకా చెప్పింది. ఏదీ దాచలేదు. కాయలు లేతగా ఉండాలి, కాల్చే ముందు నూనె చెయ్యి రాయాలి, ఊక నిప్పులో కప్పెట్టాలి, కాలాక చిల్లుల బుట్టలో పెట్టి చేదు నీరు కారనివ్వాలి, గుజ్జు బాగా చల్లారాకే పెరుగు కలపాలి. ఒక్క సంగతి రెండుసార్లు చెప్పింది, కాల్చిన వంకాయని నీళ్ళు పోసి కడగొద్దని. అతను బుద్ధిగా తలాడించి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. మన నెత్తిన ఇంత అవమానం పెట్టినవాళ్ళకి ఒలిచి చేతిలో పెట్టినట్టు ఎందుకు చెప్పావని అమ్మ మీద ఎగిరాను. అమ్మ గ్లాసు కడుగుతూ, “వాళ్ళు అడిగింది పచ్చడి. ఇచ్చాం. మనల్ని అడగలేదుగా,” అంది. ఆవిడ కోపం అలా ఉండేది. నాది వేరు.

రెండు మూడు రోజులు గడిచాయి. నేను ఆఫీసు నించి వచ్చేసరికి వాకిట్లో మళ్ళీ అదే జీపు. లోపల మాకున్న ఒక్క కుర్చీలో పిన్ని కూర్చుని ఉంది. పట్టుచీర కుచ్చిళ్ళు నేలకి తగలకుండా మోకాళ్ళ మీదికి లాక్కుంది. అమ్మ స్టవ్వు దగ్గర కాఫీ కలుపుతోంది.

జరిగింది పిన్నే చెప్పింది. వాళ్ళు ముందుగా ఒకసారి చేసి చూసుకున్నారట. డ్రైవరు చెప్పినట్టే అన్నీ చేశారట. బాబాయి ఒక ముద్ద తిని, ఇది వదినగారి పచ్చడి కాదు, చప్పగా ఉంది, వెళ్ళి వాళ్ళనే పిలుచుకు రా అన్నారట.

“కాల్చాక కడిగారా?” అంది అమ్మ.

“కడక్కపోతే ఎట్లా అక్కయ్యా? అంతా నల్లగా ఉంటేనూ. మగపెళ్ళివారి ముందు మాడిన వంట పెట్టామనరూ? కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగించాను. గుజ్జు వెన్నలా తెల్లగా వచ్చింది.”

కడిగితే పోయింది నలుపు కాదు, పచ్చడే. నిప్పు వంకాయకి ఇచ్చేదంతా ఆ తొక్క కింద ఒక పొరలా అంటుకుని ఉంటుంది. నీళ్ళు పోస్తే అది కాలువలో పడుతుంది. మిగిలేది ఉడకబెట్టిన వంకాయ. మేడలు కట్టిన ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఇది. నలుపు కనిపిస్తే లేమి అనుకుంటారు.

పిన్ని కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి లేచింది. “పద అక్కయ్యా. అమ్మాయ్, నువ్వూ రా, అమ్మకి సాయంగా ఉంటావు. జీపు ఉంది.”

“పిలవడానికి వచ్చారా పిన్నీ, తీసుకెళ్ళడానికి వచ్చారా?” అన్నాను.

పిన్ని నా వైపు చూసి నవ్వింది. “అదేం మాటే? మీ అమ్మకి బొట్టు పెట్టకూడదు కదమ్మా. అందుకే ఇదయి కబురుతో సరిపెట్టాను. ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకని.”

మాట ఎంత మెత్తగా అమర్చింది! అమ్మ వైధవ్యం మీద జాలిపడుతున్నట్టే పడుతూ, మా ఇంటికి పిలుపే అక్కర్లేదని తేల్చేసింది. ఆ మాట వినగానే అమ్మ వెనక్కి తగ్గి వంటగది గుమ్మం అవతలికి వెళ్ళి నిలబడింది. ఎవరూ చెప్పకుండానే తగ్గింది. అలా తగ్గడం నేను అప్పటికి చాలాసార్లు చూశాను. ఆ రోజు మాత్రం సహించలేకపోయాను.

“అమ్మకి పెట్టకూడదు, సరే. నాకు పెట్టొచ్చు. నా నుదురు ఇక్కడే ఉంది,” అన్నాను.

పిన్ని ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళల్లోంచి పోయింది. ఇంట్లో కుంకుమ ఉంటే తెమ్మంది. లేదని చెప్పాను. ఉంది. నా బొట్టుపెట్టె గూట్లోనే ఉంది, పిన్నికి కనిపిస్తూనే ఉంది. మా కుంకుమతో మమ్మల్నే పిలిస్తే అది పిలుపు ఎలా అవుతుంది?

పిన్ని గట్టిగా నిట్టూర్చి గుమ్మం దగ్గరికి వెళ్ళి డ్రైవర్ని పిలిచింది. వీధి చివర కొట్లో కుంకుమ పొట్లం తెమ్మని పంపింది. అతను వెళ్ళి వచ్చేదాకా పిన్ని కుర్చీలో కూర్చుంది, నేను నిలబడ్డాను, అమ్మ గుమ్మం అవతల ఉంది. పై వాటా ఇంటావిడ మెట్ల మీద ఏదో పని ఉన్నట్టు రెండుసార్లు దిగి ఎక్కింది.

పొట్లం వచ్చింది. చాప వేసుకుని కూర్చున్నాను. పిన్ని వంగి నా నుదుట కుంకుమ పెట్టింది. తరవాత నిటారుగా నిలబడి, “సరేనా?” అంది.

నేను లేవలేదు. ఆవిడ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. ఏం మిగిలిందో ఆవిడకీ తెలుసు.

“ఎల్లుండి మా అమ్మాయి నిశ్చితార్థం,” అంది పిన్ని గోడ వంక చూస్తూ. “మీరు తప్పకుండా రావాలి.” ఆగింది. నేనూ ఆగాను. “భోజనానికి.”

“వస్తాను పిన్నీ. పొద్దున్నే వచ్చి పచ్చడి కూడా చేస్తాను. జీపు పంపకండి, బస్సులో వస్తాను,” అన్నాను. పెరుగు మాత్రం వాళ్ళ గేదెలదే కావాలని, పాలు పిడకల దాలిలో పెట్టి ఎర్రగా కాగాక కుండలో తోడు పెట్టమని, తోడుకున్నాక ఎవరూ మీగడ తియ్యకూడదని చెప్పాను.

అమ్మ రానంది. శుభకార్యంలో ఎదురుపడితే ఎవరో ఒకరు ముఖం తిప్పుకుంటారు, అది చూడడం తనకిష్టం లేదంది. నేను బలవంతం చెయ్యలేదు. కానీ ఇద్దరి తరఫునా వెళ్తున్నానని చెప్పాను.

ఆ పొద్దున మొదటి బస్సుకే బయల్దేరాను. బందరు కాలువ పక్కన మంచు ఇంకా విడలేదు. కంకిపాడు దాటాక చెరుకు బళ్ళు వరసగా అడ్డం వచ్చాయి. ఉయ్యూరు దగ్గరపడేసరికి ఫ్యాక్టరీ బెల్లప్పాకం వాసన బస్సులోకి కొట్టింది. నేను పెట్టెలో ఒక మంచి చీర మడతపెట్టి తెచ్చుకున్నాను. నాయనమ్మ నాటి జరీ చీర, అంచు చిరిగినచోట అమ్మ కనపడకుండా కుట్టింది.

వాళ్ళ పెరట్లో గుంటూరు వంటవాళ్ళు గాడిపొయ్యిల మీద గుండిగలు ఎక్కించి ఉన్నారు. వంటింట్లో కొత్త గ్యాసు పొయ్యి కూడా ఉంది, దాని మీద చెయ్యమని పిన్ని ఒకమాట అనబోయి బాబాయి ముఖం చూసి ఊరుకుంది. నేను పశువుల చావడి పక్కన నేల ఊడిపించి ఊక పోయించాను. ఊకకి మంట పనికిరాదు. ఒక మూల నిప్పు రాజేసి వదిలేస్తే లోలోపల పాకి, పైన బూడిద రంగు తిరిగి అడుగున ఎర్రగా నిలుస్తుంది. అప్పుడు కాయలు కప్పెట్టాలి. పచ్చవంకాయలకి నాలుగు గాట్లు పెట్టి, పురుగు లేదని చూసుకుని, నూనె రాసి, ఊకలో పాతిపెట్టాను. వాటి పక్కన ఉల్లిపాయలు తొక్కతోనే. పచ్చిమిరపకాయలు ఒక ఇనుప చువ్వకి గుచ్చి పైన ఆనించాను. రామములక్కాయలు, అంటే టమాటాలు, చివర్న, వాటికి ఎక్కువ సేపు అక్కర్లేదు, తొక్క పగిలితే చాలు.

వంకాయ కాలిందో లేదో కత్తితో గుచ్చి చూడనక్కర్లేదు. తొడిమ పట్టుకు లాగితే తేలిగ్గా ఊడి రావాలి. కాయ తన బరువు తనే మోయలేనట్టు మెత్తబడి పక్కకి వాలాలి. వాటిని తీసి వెదురు బుట్టలో పేర్చాను. కింద పళ్ళెంలో గోధుమరంగు నీరు చుక్కలు చుక్కలుగా కారింది. అది చేదు. అది పోవాలి. దాన్ని పోనిచ్చే ఓపిక లేనివాళ్ళు పచ్చడిలో బెల్లం వేస్తారు.

ఒలవడానికి పక్కన ఉప్పునీళ్ళ గిన్నె పెట్టుకున్నాను. నీళ్ళు వేళ్ళకి, కాయకి కాదు. వేళ్ళు చురుక్కుమన్నప్పుడు ముంచి తీసి మళ్ళీ ఒలవడం. వాళ్ళింటి ఆడవాళ్ళు ఒకరిద్దరు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఒకావిడ జాలిపడి చెంబుతో నీళ్ళు తెచ్చింది, పైన పోస్తే సులువుగా వచ్చేస్తుందమ్మా అంటూ. చెంబు దూరంగా పెట్టించాను.

రోట్లో మొదట ఉప్పు, జీలకర్ర, అల్లం ముక్క, కాల్చిన మిరపకాయలు. అవి నలిగాక కొత్తిమీర. కొత్తిమీర ఆకు మాత్రమే కోసి కాడలు పారేసే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గానీ, వాసనంతా కాడలోనే ఉంది. మట్టి వేళ్ళు కోసేసి మిగతాదంతా వేశాను. అది ముద్దయ్యాక ఉల్లిపాయ, రామములక్కాయ. వంకాయ గుజ్జు రోట్లో వెయ్యకూడదు, పొత్రం కింద పడితే జిగురవుతుంది. దాన్ని చేత్తో చిదిమి కలపాలి. చేతికి పీచులు పీచులుగా తెలియాలి.

ఇక ఆగడం. ఇక్కడే అందరికీ తొందర. మగపెళ్ళివారి కార్లు వచ్చేశాయి, పందిట్లో తాంబూలాలు మార్చుకుంటున్నారు, పిన్ని రెండుసార్లు వచ్చి పెరుగు కలిపెయ్యమంది. గుజ్జు వెచ్చగా ఉండగా పెరుగు కలిపితే పెరుగు విరిగి నీరు విడుస్తుంది. వడ్డించేసరికి ఆకులో పచ్చడి ఒక పక్కకీ నీళ్ళు ఒక పక్కకీ పోతాయి. చల్లారకుండా కలపనని చెప్పాను. మూడోసారి పిన్ని రాలేదు, బాబాయి వచ్చారు. నిలబడి పళ్ళెంలోకి చూశారు.

“మీ నాయనమ్మ కూడా ఇట్లాగే కూచునేది. మేం ఆకలో అని అరిచినా కదిలేది కాదు,” అన్నారు. పందిట్లోకి వెళ్ళిపోయారు.

పెరుగు నేను చెప్పినట్టే పెట్టారు. కుండ వంచితే కదలని పెరుగు, పైన ఎర్రటి మీగడ చెక్కులా కట్టి ఉంది. మీగడతో సహా చేత్తో మెదిపి గుజ్జులో కలిపాను. వెన్నకీ పెరుగుకీ మధ్యలో ఒక చిక్కదనం వస్తుంది, గరిటెకి అంటుకుని నెమ్మదిగా జారుతుంది. నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు వేసి, దాన్ని కూడా కాస్త చల్లారనిచ్చి పోశాను. తెల్లగా, పచ్చగా, మధ్య మధ్య నల్లగా ఉంది. నాకు చూడముచ్చటగా ఉంది.

నూతి దగ్గర చేతులు, ముఖం కడుక్కుని, చావడి వెనక గదిలో చీర మార్చుకుని, పందిట్లోకి నడిచాను. ఆడవాళ్ళ బంతికి ఆకులు వేసి ఉన్నాయి. మగపెళ్ళివారి ఆడవాళ్ళు కూర్చుంటున్నారు. పిన్ని నాకు ఎదురొచ్చి మోచేయి పట్టుకుంది.

“నువ్విప్పుడు కూచోకే తల్లీ. ఇది వాళ్ళ బంతి. నీ పచ్చడి నువ్వే వడ్డించు, ఆనక మనందరం కలిసి తిందాం,” అంది మెల్లగా.

“భోజనానికి పిలిచారు పిన్నీ,” అన్నాను. మెల్లగా అనలేదు.

నా మోచేయి వదిలేసింది. వెళ్ళి ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చున్నాను. ఎదురుగా పెళ్ళికొడుకు నాయనమ్మ. ఎనభై దాటినా నడుము వంగని మనిషి. వడ్డన మొదలైంది. పచ్చడి గిన్నె పట్టుకుని పిన్నే వచ్చింది, మగపెళ్ళివారికి ఇంటావిడ స్వయంగా వడ్డించాలి కదా. ముసలావిడ ఆకులో వేసి అక్కడే నిలబడింది. ముసలావిడ మొదట పచ్చడిని చూసింది, నలకలు చూసింది, అన్నంలో కలుపుకోకుండా వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

“ఎవరు చేశారమ్మా ఇది?” అంది ముసలావిడ.

“బెజవాడ నించి మనిషిని పెట్టించామండీ,” అంది పిన్ని.

ఆ మాట పిన్ని నోట్లోంచి ఆలోచించకుండా వచ్చిందో, ఆలోచించే వచ్చిందో నేను తేల్చుకోలేదు. తేల్చుకునే అవసరం కూడా లేదు.

“నేను చేశానండీ మామ్మగారూ,” అన్నాను ఆకు ముందు నించి లేవకుండా. “నేను వీళ్ళ బావగారి కూతుర్ని. మీరు ఇదివరకు తిన్నది మా నాయనమ్మ చేతిది. పామర్రు దగ్గర, కాలువ గట్టు మీద ఇల్లు.”

పిన్ని చేతిలో గరిటె గిన్నె అంచుకి తగిలి టంగుమంది. ముసలావిడ నన్ను నెమ్మదిగా పైనించి కిందికి చూసింది, చీర అంచుతో సహా.

“మరి వండినదానివి ఇక్కడ కూచున్నావేం?” అంది.

“పిలిచారండీ. భోజనానికి.”

ఆవిడ ఇంకొంచెం తీసి నోట్లో పెట్టుకుంది. “మీ నాయనమ్మ ఉప్పు ఇంకో పిసరు వేసేది,” అంది. తరవాత పిన్ని వైపు తిరిగి, “ఆ అమ్మాయి ఆకులో వెయ్యలేదేం? వడ్డించమ్మా,” అంది.

పిన్ని బంతి చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది. వంగి గరిటెడు పచ్చడి నా ఆకులో వేసింది. నేను చాలు అనలేదు. ఇంకో గరిటె వేసేదాకా చెయ్యి అడ్డం పెట్టలేదు. అన్నంలో కలుపుకుని, చివరి మెతుకు దాకా, తొందరపడకుండా తిన్నాను. ఉప్పు తక్కువ కాలేదు. ఆవిడ పెద్దది కాబట్టి ఎదురు చెప్పలేదు, అంతే.

భోజనాలయ్యాక పిన్ని నన్ను లోపలి గదిలోకి పిలిచి ఒక చీర మడత చేతిలో పెట్టబోయింది. వాయిలు చీర. బల్ల మీద అలాంటివి మరో నాలుగున్నాయి, వంటవాళ్ళ ఆడవాళ్ళ కోసం. గుమ్మం అవతల వచ్చిన పేరంటాళ్ళకి వాళ్ళమ్మాయి తాంబూలాలు ఇస్తోంది, రెండేసి అరటిపళ్ళు, ఆకూ వక్కా, రవికల గుడ్డ.

“చీర వద్దు పిన్నీ. నాకు తాంబూలం ఇప్పించండి,” అన్నాను.

పిన్ని చీర మడత బల్ల మీద పెట్టేసింది. “నీకింత పంతం ఎందుకే?” అంది. కోపంగా కూడా అనలేదు, నిజంగా అర్థంకాక అడిగినట్టు అడిగింది. అది పంతం కాదు. అది మా వరస. తాంబూలం పిన్నే తెచ్చి ఇచ్చింది. కొంగు పట్టి తీసుకున్నాను. బాబాయి జీపులో దింపిస్తానన్నారు. వద్దని, రోడ్డు మీదికి నడిచి బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాను, పిన్ని ‘మనిషిని పెట్టించామండీ’ అన్నది కూడా. అమ్మ తాంబూలం ఒళ్ళో పెట్టుకుని రవికల గుడ్డ మడత విప్పి చూసింది. “వంగపండు రంగు,” అంది. “నీకు బాగుంటుంది.” అరటిపళ్ళు రెండూ విడదీసి ఒకటి నాకిచ్చి ఒకటి తను తింది.

వేసవిలో ఉయ్యూరు పెళ్ళికి శుభలేఖ వచ్చింది. పోస్టులో వచ్చింది. నాలుగు మూలలా పసుపు, పైన అమ్మ పేరు, అడ్రసు తప్పులేకుండా రాసి ఉంది. బొట్టు పెట్టడానికి ఎవరూ రాలేదు. పద్ధతి తెలియనివాళ్ళేం కాదు, ఇదివరకు ఒకసారి నేనే గుర్తుచేశాను. ఆ మామ్మగారు మళ్ళీ పచ్చడి అడిగిందనీ, వంటవాళ్ళు చేసిందాన్ని ఆకులో పక్కకి నెట్టేసిందనీ తరవాత ఎవరో చెప్పారు. అది నిజమో కాదో నాకు తెలియదు.

పెళ్ళినాడు అమ్మ పొద్దుటినించీ నన్ను వెళ్ళమని పోరింది. రక్తసంబంధం అంది, అమ్మాయి ఏం చేసిందంది, నలుగురూ ఏమనుకుంటారంది. నేను ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా కట్టుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాను.